చూరెత్తిన పాక

సాలమోను నేసిన పాకలోకి వెళ్ళాలంటే ఎంత గొప్పవాడైనా నడుం వంచాల్సిందే. రాజోలు చుట్టుపక్కల లంకల్లో ఒకప్పుడు ఇది చెప్పుకుని నవ్వుకునే సంగతి. పాస్టరుగారు వంగారు, ఓట్లకొచ్చిన పెద్దమనుషులు వంగారు. ఒకరింటి కొత్తల్లుడైతే వంగడం మర్చిపోయి నుదురు చూరుకి కొట్టుకుని, అత్తారింట్లో ఆ పూట భోజనం కూడా చెయ్యకుండా అలిగి కూర్చున్నాడు. కాస్త ఎత్తులో పెట్టకూడదా సాలమోనూ అని ఎవరైనా అడిగితే, గాలికి దొరక్కూడదండి అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క పెగిలేది కాదు. ఆయనకి పొగరన్నవాళ్ళు ఉన్నారు, చాదస్తమన్నవాళ్ళు ఉన్నారు. ఏమన్నా సరే, ఆకు నేతలో ఆయన చెయ్యే చెయ్యి కాబట్టి ఆయన్నే పిలిచేవారు, ఆయన చూరు కిందే వంగేవారు.

ఇప్పుడు వంగేవాళ్ళూ లేరు, వంగాల్సిన పాకలూ లేవు. కువైట్, మస్కట్ వెళ్ళినవాళ్ళ పుణ్యమా అని ఊరంతా డాబాలయ్యాయి. సాలమోను ఇల్లూ డాబాయే. కోడలు నిర్మల ఎనిమిదేళ్ళు కువైట్‌లో ఎవరి పిల్లల్నో ఎత్తుకుని పెంచితే లేచిన డాబా అది. కొడుకు చిన్నా రావులపాలెం నుంచి అరటిగెలల లారీ తోలతాడు, వారానికోసారి ఇంటి మొహం చూస్తాడు. మంచి ఇల్లే, సాలమోను కాదనడు. కాకపోతే డెబ్భై ఏళ్ళు దాటిన మనిషికి వేసవిలో ఆ గదిలో నిద్ర పట్టదు. మంచం వసారాలో వేసుకుంటాడు. వానపడినా ఆయనకి తృప్తి ఉండదు. డాబా మీద వాన పడితే కిటికీలోంచి చూస్తే గాని తెలియదు. తాటాకు మీద పడితే మొదటి చుక్క దగ్గర్నుంచీ లెక్క తెలిసేది.

ఆ రోజులు తల్చుకుంటే ఆయనకి ముందు గుర్తొచ్చేది వాసన. ఎండాకాలం మొదట్లో తాటాకు కొట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన బరువులు పెట్టి అణగదొక్కేవారు. పదిరోజులు పోయాక ఆ దొంతర విప్పితే, ఎండిన ఆకు కమ్మగా వాసనేసేది. ఇల్లు నేస్తున్నారంటే ఆ వీధి వీధంతా అక్కడే ఉండేది. మగవాళ్ళు ఆకు అందించేవారు, ఆడవాళ్ళు చేపల పులుసు కాచేవారు, పిల్లలు ముంజలు తింటూ అందరి కాళ్ళకీ అడ్డం పడేవారు. సాలమోను పాక నడినెత్తిన కొప్పు మీద గుర్రమెక్కినట్టు కూర్చుని పైనుంచి అందరికీ పనులు పురమాయించేవాడు. కింద ఎంత నోరున్నవాడైనా ఆ కాస్సేపూ ఆయన మాట వినాల్సిందే.

ఆయనకో అలవాటుండేది. కొప్పు మీద వేసే ఆఖరాకు ఇంటి ఇల్లాలి చేత అందించుకునేవాడు. "ఆఖరాకు అమ్మగారే ఇవ్వాలండి" అని పైనుంచి కేకేస్తే, ఆ తల్లి తడిచేతులు చెంగుకి తుడుచుకుంటూ వచ్చి, మునివేళ్ళ మీద లేచి అందించేది. అది ఎవరూ పెట్టిన ఆచారం కాదు, ఆయన పెట్టుకున్నదే. ఇల్లు మగవాడు కట్టినా కప్పు కింద బతికేది ఆడమనిషేనని ఆయన లెక్క.

రెండేళ్ళ కిందట నిర్మల కువైట్ నుంచి వచ్చేసింది. కూతురు కుసుమ అమ్మ మొహం ఫోన్‌లో చూస్తూ పెరిగిన పిల్ల. తల్లి ఎదురుగా నిలబడితే మొదటి రోజు నుంచీ ఆ పిల్ల చుట్టాలావిడతో మాట్లాడినట్టు "తిన్నారా అండీ, పడుకుంటారా అండీ" అంది. ఆ మర్యాదకి నిర్మల పెరట్లోకి వెళ్ళి ఏడవడం సాలమోను చూశాడు. చూసినట్టు తెలియనివ్వలేదు. ఇంక వెళ్ళనని, ఇక్కడే ఏదో ఒకటి చేసుకుంటానని ఆవిడ అన్నప్పుడు ఆయనకి ఎంత సంతోషమైందంటే, ఆ సంతోషం కనపడకుండా ఉండటానికి కొబ్బరిచెట్టు మొదట్లో అక్కర్లేకపోయినా కాస్సేపు గొప్పు తవ్వాడు.

ఆవిడ చేసుకుంటానన్నది కుందేళ్ళ పెంపకం. ఎక్కడో శిక్షణ ఇస్తున్నారంటే వెళ్ళి, తెల్లవి కొన్ని, బూడిదరంగువి కొన్ని తెచ్చింది. ముందు సిమెంటు రేకుల షెడ్డు వేద్దామనుకుంది. "రేకుల కింద నువ్వే ఉండలేవు, అవెలా ఉంటాయమ్మా" అన్నాడు సాలమోను. ఎన్నేళ్ళకో ఆయన చేతికి ఆకు కత్తి వచ్చింది. ఎండ పక్కల్నుంచి కొట్టకుండా కొప్పు తూర్పు పడమరలుగా నిలబెట్టాడు. నేల తేమ తగలకుండా సరుగుడు గుంజల మీద ఇనప వల బోనులు నడుమెత్తులో అమర్చాడు, పెంటికలు కిందికి రాలిపోవాలని. చీమలెక్కకుండా ఒక్కో గుంజ కాలూ నీళ్ళ డబ్బాలో పెట్టించాడు. కప్పు మాత్రం ఎప్పటిలాగే చూరు కిందికి దించి కట్టాడు. నిర్మల మేత మోపుతో లోపలికి వెళ్ళాలంటే మోపు దించి, నడుం వంచి, మోపుని ఈడ్చుకుంటూ దూరాలి. ఆవిడ ఆ మాట ఎత్తలేదు. ఆఖరాకు అందించింది.

చలికాలమంతా దివ్యంగా గడిచింది. కుందేళ్ళు తిన్నాయి, ఈనాయి, పిల్లలు బోనుల్లో గెంతులేశాయి. అందులో ఒక తెల్ల ఆడదానికి కుసుమ దూదమ్మ అని పేరు పెట్టింది. అది ఈనేముందు తన పొట్ట మీద బొచ్చు తానే పీక్కుని పిల్లలకి పక్క వేసుకునేది. దాన్ని చూసి సాలమోను, ఇదెవత్తో మన ఆడవాళ్ళ లాంటిదే అన్నాడు. వసారాలో తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకే చాప మీద కూర్చుని దాని గురించి మాట్లాడుకునేవారు. మాటల్లో ఎప్పుడో అండీలు పోయి, కుసుమ నిర్మలని అమ్మా అనడం మొదలుపెట్టింది.

ఎండలు ముదరగానే కథ తిరగబడింది. కోనసీమ ఎండ సంగతి కోనసీమ వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎండకంటే ఉక్కే చంపుతుంది. ఒంటిన పట్టిన చెమట ఒంటినే ఉంటుంది. కుందేలుకి ఆ చెమట కూడా పట్టదు, దానికి వేడి పోయే దారల్లా చెవులే. చెవులు ఎర్రబడి, నరాలు ఉబ్బి, మూతి పైకెత్తి రొప్పుతూ పడుకునేవి. మగవి ఆడదాని మొహం చూడటం మానేశాయి. దూదమ్మ ఒక ఈత ఈని, పిల్లలన్నీ రెండ్రోజుల్లో పోతే, ఈనిన ఖాళీ చెక్కపెట్టె వాసన చూస్తూ కూర్చుంది.

నిర్మలకి కువైట్ గుర్తొచ్చింది. అక్కడ ఎడారి ఎండలో గుమ్మానికి తడిబట్ట కడితే గది చల్లబడేది. అంచేత గోనెసంచులు తడిపి పాక చుట్టూ కట్టింది. పూటపూటకీ తడిపింది. అక్కడి గాలి పొడి, నీళ్ళు తాగేస్తుంది. ఇక్కడి గాలి అప్పటికే కడుపునిండా తాగి ఉంటుంది. సంచులు ఆరనే లేదు. బూజు పట్టి కంపు కొట్టాయి, కుందేళ్ళు తుమ్మాయి, రెండు ముసలివి పోయాయి. వేడీ తేమా రెండూ చూపించే గుండ్రటి మీటరొకటి ఆవిడ తెచ్చి పాకలో వేలాడదీసింది. తేమ ముల్లు ఆ చివరికంటా పోయి కూర్చుంది. నిర్మల ఒక్కతే సంచులన్నీ విప్పి కాలువగట్టున పడేసి వచ్చింది. తప్పు తనదేనని ఎవరూ చెప్పకుండానే ఒప్పుకునే మనిషి ఆవిడ. ఆ విషయంలో మావగారికీ ఆవిడకీ పోలిక లేదు.

సంచులు తీసినా ఉక్క తగ్గలేదు. ఆవిడ మీటరు పట్టుకుని పెరడంతా తిరిగింది. మామిడిచెట్టు కింద పెట్టి చూసింది, వసారాలో పెట్టి చూసింది, పాకలో పెట్టి చూసింది. తర్వాత ఒక దోమల చక్రం వెలిగించి బోనుల మధ్య పెట్టి, మావగారిని పిలిచింది.

సాలమోను వంగి లోపలికి వచ్చాడు. బయట కొబ్బరిమట్టలు ఊగుతున్నాయి. అంటే గాలి ఉంది. లోపల చక్రం పొగ నిట్టనిలువుగా లేచి, కప్పు దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచి ఎటూ కదలక అలాగే వేలాడుతోంది. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. ఆకు నేసిన చేతులకి ఆ పొగ ఏం చెబుతోందో అర్థం కాకపోవడమంటూ ఉండదు.

"మావయ్యగారూ, మామిడిచెట్టు కింద ఉన్న హాయి కూడా మన పాకలో లేదండి. చూరు పైకెత్తాలండి" అంది నిర్మల.

"ఎత్తను" అన్నాడు ఆయన. అని, వంగి బయటికి వెళ్ళిపోయాడు.

మంచి మాటకి అంత మొండి జవాబు చెప్పే మనిషి కాదు సాలమోను. నిర్మల తెల్లబోయింది. అత్తగారు జ్ఞానమ్మ తొంభై ఆరు తుఫానులో పోయిందని ఆవిడకి తెలుసు. ఎలా పోయిందో ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. తను కాపరానికి వచ్చేసరికే అది జరిగి ఏళ్ళయింది.

పెళ్ళయిన కొత్తలో సాలమోను జ్ఞానమ్మకి ఒక పాక నేశాడు. ఆవిడ కొంచెం పొడగరి. మంచినీళ్ళు దూరాన్నుంచి తెచ్చుకోవాలి. నెత్తి మీద బిందె, చంకలో ఇంకో బిందె పెట్టుకుని వచ్చి, పాత పాక చూరు దగ్గర ఆగి, దించి, వంగి, మళ్ళీ ఎత్తుకోవడం ఆవిడకి విసుగు. ఊరందరికీ ఇళ్ళు నేస్తావు, నీ పెళ్ళాం తలెత్తుకుని లోపలికొచ్చే ఇల్లు నెయ్యలేవా అని దెప్పింది. ఆ మాట పట్టుకుని ఆయన చూరు పైకెత్తి, లంకలో ఎవరికీ లేనంత ఎత్తులో నేశాడు. పని పూర్తయిన రోజు జ్ఞానమ్మ బిందెలతో వచ్చి అలవాటు కొద్దీ ఆగబోతే, "వంగక్కర్లేదే, నిలబడి రా" అన్నాడు. ఆవిడ నెత్తిన బిందె కదలకుండా, పక్కింటివాళ్ళు చూసేలా నవ్వుకుంటూ నాలుగుసార్లు లోపలికీ బయటికీ తిరిగింది. ఆ నవ్వు ఆయన చాలా ఏళ్ళు ప్రతి సాయంత్రం చూశాడు.

తుఫాను నాడు గాలి ఆ ఎత్తు చూరు కిందనుంచే దూరింది. కప్పు లేచిపోయింది, దూలం జ్ఞానమ్మ మీద పడింది. చూరు కిందికున్న ఇళ్ళు కూడా ఆ రోజు పడ్డాయి, ఒకటీ అరా కాదు, పేటలకి పేటలే పడ్డాయి. ఆ సంగతి కళ్ళారా చూసినా ఆయన మనసు ఒప్పుకోలేదు. పెళ్ళాం మీద తన మురిపెమే ఆవిడ ప్రాణం తీసిందని తీర్మానించుకున్నాడు. ఆనాటి నుంచి ఎవరికి నేసినా చూరు దించే నేశాడు. జనం నవ్వుకున్న వంగిన నడుముల వెనక ఉన్నది ఇదీ.

నాలుగు రోజులు ఇంట్లో చూరు మాట ఎవరూ ఎత్తలేదు. అయిదో రోజు సాయంత్రం సాలమోను వసారాలో మంచం నవారు బిగించుకుంటుంటే లోపల నిర్మల చిన్నాతో ఫోన్‌లో మాట్లాడటం వినపడింది. కువైట్‌లో పనిచేసిన ఇంటి మేడమ్‌కి మళ్ళీ కాన్పయిందట, రమ్మంటోందట, వీసా పంపిస్తానందట. "దూదమ్మ చూలుతో ఉంది. ఈ ఈతలో కూడా పిల్లలు దక్కకపోతే వెళ్ళిపోతానండి. ఊరికే కూర్చుని తినలేను" అంది నిర్మల. గొంతులో ఏడుపు లేదు. ఏడుపు ఉంటే సాలమోను కొంచెం తట్టుకునేవాడు. అలా మామూలుగా అనడం చూసి, ఈ పిల్ల నిజంగా వెళ్ళిపోతుందని ఆయనకి తెలిసిపోయింది. ఆయన చేతిలో నవారు వదులైంది.

మర్నాడు పొద్దున్నే ఆకు కత్తి పట్టుకుని పాక దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళాడే గాని చూరు మీద కత్తి పెట్టలేకపోయాడు. కూలబడి కూర్చున్నాడు. కుందేళ్ళకి నీళ్ళు మార్చడానికి వచ్చిన నిర్మల ఆయన్ని అలా చూసి, చెంబు పక్కన పెట్టి, తనూ నేల మీదే కూర్చుంది.

"మీ అత్తగారు బిందెలతో వంగలేకపోతన్నానంటే చూరెత్తి కట్టేనమ్మా. గాలి ఆ సందులోంచే వచ్చి పట్టుకెళ్ళిపోయింది. ఇప్పుడు మళ్ళీ ఎత్తమంటే నా చెయ్యి లేవట్లేదు" అన్నాడు సాలమోను. ముప్ఫై ఏళ్ళ దగ్గర్లో ఆ మాట నోరు దాటడం అదే మొదలు.

ఓదార్చే మాటలు నిర్మలకి రావు. పనిమనిషిగా బతికినన్నాళ్ళూ ఆవిడ ఆలోచన ఎప్పుడూ చెయ్యాల్సిన పని మీదికే పోయేది.

"తుఫాను గాలొస్తాదని రెండ్రోజుల ముందే చెబుతున్నారు కదండీ ఇప్పుడు. చెప్పగానే బోనులు డాబాలోకి మోసుకొచ్చేద్దాం. ముందుగదిలో పెట్టేద్దాం. మీరూ నేనూ కుసుమా కలిస్తే ఎంతసేపండీ. పాక పోతే పోనివ్వండి మావయ్యగారూ. మళ్ళీ నేసుకుందాం."

పాక పోతే పోనివ్వండి అన్న మాట సాలమోనుతో అంతవరకూ ఎవరూ అనలేదు. పాక పోవడమంటే అంతా పోవడమే ఆయన బతికిన కాలంలో. ఆయన తలెత్తి, పెరట్లోంచి డాబా వైపు చూశాడు. తను ఎన్నోసార్లు కొలిమి అని తిట్టుకున్న డాబా.

"అప్పుడు మోసుకుపోడానికి డాబా లేదమ్మా" అన్నాడు.

"ఆయ్. ఇప్పుడుందండి" అంది నిర్మల.

ఆయన లేచాడు. చిన్నాకి ఫోన్ చేయించి, లారీ ఇంకోడికి అప్పగించి రమ్మన్నాడు. బోనులన్నీ మామిడిచెట్టు కిందికి చేర్చారు. తండ్రీ కొడుకులు పొడుగాటి సరుగుడు గుంజలు పాతి, కప్పుని ఒక్కో పక్కే లేపుకుంటూ వచ్చారు. వేలాడే చూరు వరసలు ముక్క ముక్కగా కింద పడుతుంటే సాలమోను ఒక్కోసారి ఆగి ఊపిరి పీల్చుకునేవాడు. కొప్పు దగ్గర వేడిగాలి పోవడానికి సన్నటి సందు వదిలి, దాని మీద వాన పడకుండా ఇంకో వరస ఆకు గొడుగుపట్టినట్టు కట్టాడు. నాలుగు పక్కలకీ చుట్టగా చుట్టి పెట్టుకునే తడికలు అల్లాడు. జల్లు కొడితే తాడు లాగి దించుకోవచ్చు. దూదమ్మకి చెక్కపెట్టె తీసేసి, గాలి ఆడేలా వెదురుబుట్ట తనే అల్లి ఇచ్చాడు. కొప్పు మీద కూర్చోవడానికి చిన్నా ఒప్పుకోకపోతే, నోర్మూసుకుని ఆకు అందించరా అని, కొడుకుని కింద నిలబెట్టి తనే ఎక్కాడు. ఆఖరాకు నిర్మల ఇచ్చింది. ఈసారి నిచ్చెన మీద రెండు మెట్లు ఎక్కితే గాని అందలేదు.

చివర్న ఆవిడ దోమల చక్రం మళ్ళీ వెలిగించింది. పొగ లేచి, ఒక్కసారి మెలి తిరిగి, కొబ్బరిచెట్ల వైపు పోయింది. మీటరు ముల్లు మరీ కిందికేం దిగలేదు, ఉక్క ఉక్కే. కాని చెట్టు కింద ఎంత చూపించిందో పాకలోనూ అంతే చూపించింది.

దూదమ్మ ఎప్పటిలాగే పొట్ట మీద బొచ్చు పీక్కుని వెదురుబుట్టలో పరుచుకుంది. ఈనింది. ఒకటి పోయింది, మిగిలినవి నిలబడ్డాయి. కుసుమ పూటకోసారి బొచ్చు తప్పించి అవి కదులుతున్నాయో లేదో చూసేది. ఇంట్లో ఎవరూ కువైట్ పేరెత్తలేదు, ఎత్తితే దిష్టి తగులుతుందన్నట్టు. పిల్లలకి కళ్ళు విచ్చిన రోజు నిర్మల ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళి, అరబ్బీలో కాస్సేపు నెమ్మదిగా మాట్లాడి వచ్చింది. సాలమోనుకి అరబ్బీ రాదు. వచ్చాక ఆవిడ మొహం చూశాడు, అంతే. పార తీసుకుని కొబ్బరిచెట్టు మొదట్లో మళ్ళీ గొప్పు తవ్వాడు.

ఆ సాయంత్రం నిర్మల కాలువగట్టు నుంచి అవిసాకూ గడ్డీ పెద్ద మోపు కట్టుకుని నెత్తిన పెట్టుకుని వచ్చింది. కొత్త చూరు వచ్చి ఇన్నాళ్ళయినా అలవాటు పోలేదు. గుమ్మం దగ్గర ఆగి, మోపు దించబోతూ నడుం వంచింది. సాలమోను లోపల బోను కాళ్ళ కింద డబ్బాల్లో నీళ్ళు పోస్తున్నాడు.

"వంగక్కర్లేదమ్మా" అన్నాడు ఆయన. "నిలబడి రా."

నిర్మల నిటారుగా నిలబడి, నెత్తిన మోపు కదలకుండా లోపలికి వచ్చింది. సాలమోను చెంబు కింద పెట్టి, ఆవిడకి దారిచ్చి పక్కకి జరిగాడు.